చెక్కు బౌన్సయింది, నాన్న నోటీసు వద్దంటున్నారు

ప్రశ్న (పర్లాకిమిడి)
నాన్నగారు చుట్టుపక్కల కొండ ఊళ్ళలో జీడి పిక్కలు కొని పలాసలో ఒక వ్యాపారికి వేస్తారు. పంతొమ్మిదేళ్ళ లావాదేవీ. ఈసారి ఆయన ఇచ్చిన 1,86,000 రూపాయల చెక్కు జూన్ 9న తిరిగొచ్చింది, ఖాతాలో డబ్బు చాలదని చీటీతో. ఫోన్ చేస్తే "దసరాకి సర్దేస్తాను" అంటున్నారు. నాన్న చెక్కుని పంచాంగంలో పెట్టి, రోజూ తీసి చూసుకుని మళ్ళీ పెడుతున్నారు. నోటీసు పంపితే ఆ మనిషి ముఖం ఎలా చూడనంటారు. మరోపక్క పిక్కలిచ్చిన సవర రైతులు సంతరోజు మా అరుగు మీద కూర్చుని, నీళ్ళు తాగి వెళ్ళిపోతున్నారు. గట్టిగా అడగరు, అదే నాకు ఎక్కువ బాధ. దసరా దాకా ఆగొచ్చా? కేసైతే పలాస తిరగాలా?

జవాబు (బరంపురం, లాయరు దగ్గర గుమస్తాని)
ఆగొద్దమ్మా. బ్యాంకు చీటీ చేతికొచ్చిన నాటి నుంచి 30 రోజుల్లో నోటీసు వెళ్ళాలి. చీటీ 9నే అందుంటే జూలై 9 మీ గడువు. చెక్కు మొత్తం ఎంతో అంకెతో స్పష్టంగా అడగాలి. ఆయనకి అందాక 15 రోజులు టైముంటుంది, అప్పటికీ కట్టకపోతే ఆపై నెలలోపు చెక్కుల చట్టం (నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ యాక్ట్) 138 సెక్షన్ కింద ఫిర్యాదు. కవరు తీసుకోకుండా తిప్పి పంపినా, అడ్రసు సరైనదైతే అందినట్టే లెక్క. ట్రాకింగ్ కాగితం దాచండి. కేసు మీ నాన్నగారి ఖాతా ఉన్న బ్రాంచి పరిధిలోనే వెయ్యాలి. ఆ చట్టానికి 2015లో వచ్చిన సవరణ తర్వాత అంతే. పలాస తిరగక్కర్లేదు.

జవాబు (రాయగడ)
చెక్కు లేని పాత బాకీ ఏమైనా ఉందా? దానికి మూడేళ్ళే గడువు, నోటీసు పంపినంత మాత్రాన పెరగదు. గడువు దాటకముందే ఖాతా పుస్తకంలో "ఇంత బాకీ ఉన్నాను" అని రాయించి సంతకం పెట్టించుకుంటే, ఆ రోజు నుంచి మళ్ళీ మూడేళ్ళు. మా మావయ్య మొహమాటపడి ఆ సంతకం అడగలేదు, 70,000 పోయాయి.

ప్రశ్న అడిగినవారు
చీటీ 9నే అందింది. పాత బాకీ 2024 నాటిది, 22,000 ఉంది, సంతకం అడుగుతాం. నాన్నకి గడువు లెక్క చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ముందు నేనే ఫోన్ చేసి నోటీసు వస్తోందని చెప్తాను, పోస్టుమేన్ చేతి నుంచి తెలియకూడదు" అన్నారు. సరేనన్నాను. సోమవారం లాయరు దగ్గరికి వెళ్తున్నాం. చెక్కు, చీటీ పంచాంగంలోంచి తీసి ప్లాస్టిక్ కవర్లో పెట్టాను.