నిరుద్యోగ భృతి ఇస్తే పిల్లోళ్లు ఉద్యోగం వెతుక్కుంటారా, వెతకడం మానేస్తారా?

బురుజు కాడి మనిషి (కర్నూలు)
2024 ఎన్నికల్లో నెలకు 3,000 రూపాయల భృతి హామీ వచ్చినప్పటి నుంచి మా ఇంట్లో ఇదే గొడవ, అందుకే ఇక్కడ పెడుతున్నా. నా మాట సూటిగా చెప్తా, ఇవ్వకూడదు. నంద్యాలకు పోయి చూడండప్పా, బ్యాంకు కోచింగ్ రూముల్లో ముప్పై దగ్గర పడిన పిల్లోళ్లు ఎంతమంది ఉన్నారో. ఐబీపీఎస్ పోతే ఎస్సెస్సీ, అది పోతే గ్రూప్ టూ, అదీ పోతే డీఎస్సీ ఎప్పుడేస్తారని ఎదురుచూపు. నాయన శెనక్కాయలమ్మి డబ్బు పంపినంత కాలం రూము ఖాళీ చేయరు, ఇప్పుడు సర్కారు కూడా పంపితే ఇంకో రెండేళ్లు కూర్చుంటారు. 2018 అక్టోబరులో యువనేస్తం అని నెలకు వెయ్యి మొదలుపెట్టారు, 2019లో ఎన్నికల ముందు రెండు వేలు చేశారు, ప్రభుత్వం మారింది, ఆగిపోయింది. దానివల్ల ఉద్యోగం వచ్చినోణ్ని ఒక్కణ్ని చూపించండి.

సుగ్గి బండి (కోసిగి)
అన్నా, అసలు నిరుద్యోగి అంటే ఎవరు? యువనేస్తం ఇచ్చింది 22 నుంచి 35 ఏళ్ల లోపు ఉండి డిగ్రీయో డిప్లొమానో చేసినోళ్లకు. మా కోసిగి, మంత్రాలయం పక్క పంట పనులు అయిపోతే ఇళ్లకు తాళాలేసి, ముసలోళ్లను ఊర్లో వదిలి, పిల్లల్ని బడి మాన్పించి గుంటూరు పక్క మిరపకాయలు కోయడానికి సుగ్గికి పోతారు. వాళ్లను నిరుద్యోగులని ఎవరూ అనరు, వాళ్ల చేతిలో సర్టిఫికెట్ లేదు కదా.

ఉపాధి హామీని 2006 ఫిబ్రవరిలో మొదలుపెట్టింది మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే, ప్రధానే వచ్చాడు. ఆ 2005 చట్టంలో ఒక సంగతి చాలామందికి తెలీదు. పని అడిగిన 15 రోజుల్లో చూపించకపోతే భృతి ఇవ్వాలని అందులో రాశారు, మొదటి 30 రోజులు కూలిలో నాలుగో వంతు తగ్గకుండా, ఆ తర్వాత సగం తగ్గకుండా. మా పక్క ఆ భృతి తీసుకున్న మనిషిని నేను చూడలేదు. పని అడిగామని తేదీ వేసిన రసీదు చేతికిస్తేనే కదా 15 రోజుల లెక్క మొదలయ్యేది, ఆ రసీదే ఇవ్వరు.

తాడిపత్రి బండలు
మీరు ఉపాధి హామీ అంటారు, ఇక్కడ బండల పాలిషింగ్ యూనిట్లలో మనుషులు దొరక్క ఒడిశా నుంచి, బీహార్ నుంచి పిలిపించుకుంటున్నాం. ఊర్లో ఉన్నోడేమో అరుగు మీద కూర్చుని ఫోన్ చూస్తుంటాడు. ఇంకా డబ్బులు ఇవ్వండి, బాగుపడతారు.

సుగ్గి బండి (కోసిగి)
ఊపిరితిత్తుల్లోకి దుమ్ము పోయే పనికి మీరిచ్చే కూలి ఎంతో కూడా చెప్పన్నా, అప్పుడు మాట్లాడదాం.

లెక్కల మాస్టారు (అనంతపురం)
కోపాలు పక్కన పెట్టండి. భృతి ఎక్కువ కాలం ఇస్తే జనం పనిలేకుండా ఉండే కాలం కొంత పెరుగుతుంది, ఇది అమెరికాలో, యూరప్‌లో చాలాసార్లు లెక్క తేలిన విషయమే, బురుజు కాడి ఆయన చెప్పింది అబద్ధమేమీ కాదు. అయితే ఎందుకు పెరుగుతుందన్నది వేరే ప్రశ్న. రాజ్ చెట్టి అనే ఆర్థికవేత్త 2008లో దీన్నే విడదీసి చూశాడు. చేతిలో నాలుగు డబ్బులు వెనకేసుకున్నోళ్లకు భృతి ఇచ్చినా ఇవ్వకపోయినా పెద్ద తేడా లేదు, డబ్బు లేనోళ్లే భృతి వచ్చినప్పుడు ఎక్కువ కాలం వెతికారు. పెరిగిన కాలంలో సుమారు 60 శాతానికి కారణం ఇదేనని ఆయన అంచనా. అంటే దాన్నంతా సోమరితనం కింద రాసేయలేం, ఆకలికి దొరికిన మొదటి పనిలో పడిపోకుండా కాస్త ఆగి చూసుకోగలిగారు అన్నమాట.

ఫిన్లాండ్ వాళ్లు 2017, 2018లో 2,000 మంది నిరుద్యోగులకు నెలకు 560 యూరోలు ఏ షరతూ లేకుండా ఇచ్చారు, ఉద్యోగం దొరికినా ఆపలేదు. మన తాడిపత్రి ఆయన లెక్క ప్రకారం అందరూ అరుగుల మీద కూర్చోవాలి. కూర్చోలేదు, డబ్బు తీసుకోని వాళ్లకంటే కొద్దిగా ఎక్కువ రోజులే పనిచేశారు. తేడా చిన్నదే, నేను పెద్దది చేసి చెప్పను, కానీ టెన్షన్ తగ్గిందని మాత్రం వాళ్లే చెప్పారు.

బురుజు కాడి మనిషి (కర్నూలు)
మాస్టారూ, అక్కడ భృతి తీసుకునేది ఉద్యోగం పోయినోడు. అమెరికాలో యజమాని కట్టే పన్నులోంచి ఇస్తారు, చాలా రాష్ట్రాల్లో 26 వారాలు దాటదు. మనోళ్లు ఇస్తామంటున్నది అసలు ఉద్యోగమే చేయనోడికి. రెంటినీ ఒకే గాటన కట్టేస్తే ఎట్లా?

లెక్కల మాస్టారు (అనంతపురం)
మంచి పాయింట్, దీనికోసమే చూస్తున్నా. ఉద్యోగం పోయినోడికి మన దేశంలోనూ ఒకటుంది, ఈఎస్ఐలో, అంటే కార్మికుల ప్రభుత్వ బీమాలో. 2018లో అటల్ బీమిత్ వ్యక్తి కళ్యాణ్ యోజన అని పెట్టారు, మొదట జీతంలో 25 శాతం, కరోనా వచ్చాక 2020లో 50 శాతం చేశారు, 90 రోజుల వరకు ఇస్తారు, అదీ జీవితంలో ఒక్కసారి. కానీ ఈఎస్ఐ ఉండేది ఎవరికి? పెనుకొండ కాడ కియా లాంటి ఫ్యాక్టరీలో పే స్లిప్ ఉన్నోడికి. బేల్దారికి లేదు, చిన్న బట్టలంగట్లో నిలబడే అమ్మాయికి లేదు. నన్నడిగితే 3,000 డిగ్రీ చూసి పంచడం కంటే ఈ బీమాను అట్లాంటోళ్ల దాకా తీసుకురావడం మేలు. ఓట్లు రావు కాబట్టి ఎవరూ మాట్లాడరు.

పెన్నేటి పాప (ప్రొద్దుటూరు)
అందరూ అన్నలే మాట్లాడుతున్నారు, నేనూ ఒక మాట చెప్తా. బీకాం చేశా, పెళ్లయింది, రూములో కూర్చుని చదివే బాపతు కాదు నేను. ఐబీపీఎస్ ఫారానికి 850, సెంటర్ ఇంకో ఊర్లో పడితే బస్సు ఛార్జీ, తోడొచ్చే మనిషికి మళ్లీ ఛార్జీ. బెంగళూరులో ఇంటర్వ్యూ అంటే రాత్రి బస్సు, అక్కడ ఉద్యోగం వచ్చిందే అనుకోండి, పీజీ హాస్టల్‌కి ముందు అడ్వాన్స్ కట్టాలి. ఈ డబ్బు అత్తమామల్ని అడగాలి, అడిగితే "ఊర్లోనే ఏదన్నా అంగట్లో చేరరాదా" అంటారు. నాకు 3,000 ఇస్తే ఇంట్లో కూర్చోనన్నా, ఇల్లు దాటగలను. నెల నెలా ఎల్లకాలం వద్దు, ఒక ఏడాది ఇవ్వండి చాలు.

కోచింగ్ పిల్లోళ్లను తిట్టేముందు ఇంకోటి చూడండి. 2018 నోటిఫికేషన్ తర్వాత పూర్తిస్థాయి డీఎస్సీ పరీక్ష జరిగింది 2025లో, 16,347 పోస్టులకు. మధ్యలో అన్నేళ్లు వాళ్లను రూముల్లో కూర్చోబెట్టింది భృతి కాదు కదా, అది అప్పటికి ఆగిపోయింది కూడా.

బురుజు కాడి మనిషి (కర్నూలు)
ఏడాదికే అయితే, ఫారాలకీ ఛార్జీలకే అయితే నాకూ అభ్యంతరం లేదక్కా. కానీ ఏడాది తర్వాత ఆపే ధైర్యం ఏ పార్టీకి ఉందో చెప్పు. ఒకసారి మొదలైతే వచ్చే ఎన్నికలకు 3,000 కాస్తా 5,000 అవుతుంది.

తాడిపత్రి బండలు
ఆ 5,000 మా జీఎస్టీలోంచేగా.

సుగ్గి బండి (కోసిగి)
మా ఊరోళ్లు కొనే సబ్బు మీద కూడా జీఎస్టీ ఉందన్నా. కూలి ఎంతో ఇంకా చెప్పలేదు నువ్వు.