మార్కులు రాని స్కూల్ డిస్ట్రిక్ట్‌కు ఇంకా పన్ను కట్టాలా?

పన్నుకట్టేవాణ్ణి:
అమెరికాలో ఇల్లు కొనుక్కున్నవాళ్లను అడుగుతున్నాను. మా స్కూల్ డిస్ట్రిక్ట్, అంటే మా ఏరియా బడులను నడిపే స్థానిక సంస్థ, నవంబర్ బ్యాలట్‌లో మళ్లీ ఆస్తి పన్ను పెంపు పెట్టింది. స్టేట్ టెస్టుల్లో సగం మంది పిల్లలు కూడా గట్టెక్కడం లేదు. ఇలాంటి చోట ఇంకా డబ్బు పోయడం దేనికి? కాన్సాస్ సిటీలో కోర్టు ఆదేశంతో 1985 నుంచి ఓ పన్నెండేళ్లలో దాదాపు 200 కోట్ల డాలర్లు ఖర్చు పెట్టారు. ఒలింపిక్ సైజు ఈతకొలను కూడా కట్టారు. మార్కులు మాత్రం కదల్లేదు. 2000లో డిస్ట్రిక్ట్‌కు గుర్తింపే పోయింది. నా ఓటు 'నో'.

లెక్కలపిచ్చి:
కాన్సాస్ సిటీ కథ సగమే చెప్పారు. బడుల్లో జాతి వేర్పాటు పోవాలంటే శివార్లలోని తెల్లవాళ్ల పిల్లలను నగరంలోని బడులకు రప్పించాలని కోర్టు ప్లాను. అందుకే భవనాలు, మాగ్నెట్ స్కూళ్ల (ప్రత్యేక కోర్సులతో దూరం పిల్లలను ఆకర్షించే బడుల) మీద అంత పెట్టారు. వాళ్లు అనుకున్నంత మంది రాలేదు. డబ్బు పనిచేయదని దీన్నిబట్టి ఎలా తేలుస్తాం? జాక్సన్, జాన్సన్, పెర్సికో అనే పరిశోధకులు 2016లో వేసిన పేపరు చూడండి. కోర్టు తీర్పుల వల్ల నిధులు పెరిగిన చోట చదివిన పిల్లలను పెద్దయ్యేదాకా గమనించారు. పన్నెండేళ్ల చదువు పొడుగునా ఖర్చు 10 శాతం పెరిగితే, తర్వాత వాళ్ల సంపాదన సుమారు 7 శాతం పెరిగింది. పేద పిల్లలకు లాభం ఇంకా ఎక్కువ.

ఇంకోటి, 'పాస్ శాతం' చూసి బడిని తిట్టడం నాకు నచ్చదు. అందులో చాలావరకు తల్లిదండ్రుల ఆదాయమే కనపడుతుంది. షికాగో సగటు మార్కులు తక్కువే. కానీ 2009–14 డేటా తీసుకుని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రొఫెసర్ రియర్డన్ లెక్క వేస్తే, అక్కడి పిల్లలు మూడో తరగతి నుంచి ఎనిమిదికి వచ్చేలోపు, అంటే అయిదేళ్లలో, ఆరేళ్ల చదువు నేర్చుకున్నట్టు తేలింది.

రేటింగ్‌బాధితురాలు:
మనవాళ్లు బడి రేటింగ్ పదికి 9, 10 లేని ఏరియాలో ఇల్లు చూడను కూడా చూడరు. అక్కడ ధరలు పెరుగుతాయి, పన్ను రాబడీ పెరుగుతుంది, బడి ఇంకా బాగుపడుతుంది. పక్క డిస్ట్రిక్ట్ అలాగే ఉండిపోతుంది. టెక్సస్‌లో ఇదే అన్యాయమని కేసు వేస్తే 1973లో సుప్రీంకోర్టు 5–4తో కొట్టేసింది. చదువు ఫెడరల్ రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదంది.

స్పెషల్‌ఎడ్_టీచర్:
ఖర్చు ఎక్కడికి పోతోందో ఎవరూ అడగరేం? వైకల్యం ఉన్న పిల్లలకు తగిన చదువు చెప్పి తీరాలని 1975 చట్టం. అలాంటి ఒక్కో పిల్లకు, దేశంలో తలసరి బడి ఖర్చు సగటులో 40 శాతం దాకా ఫెడరల్ ప్రభుత్వం ఇస్తుందన్నారు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా అంత ఇవ్వలేదు. ఇప్పుడు 15 శాతం కూడా లేదు. ఐఈపీలో (ఆ పిల్లకు ఏ సాయం ఇవ్వాలో బడి రాసిచ్చే ప్లానులో) స్పీచ్ థెరపీ అని రాశాక డబ్బుల్లేవని చెప్పడానికి కుదరదు. కాబట్టి మిగతా పిల్లల బడ్జెట్‌లోంచే తీస్తారు. ఇంగ్లీష్ రాని పిల్లలకు సాయం కూడా అంతే: 1974 నుంచి తప్పనిసరి, నిధులు అరకొర. పక్కపక్క డిస్ట్రిక్ట్‌లలో తలా ఎంత ఖర్చో పోల్చేవాళ్లు ఇది వదిలేస్తారు, నాకు ఒళ్లు మండుతుంది.

పన్నుకట్టేవాణ్ణి:
టీచర్ గారూ, మీ బాధ ఒప్పుకుంటాను. మరి కోవిడ్‌లో దేశమంతా బడులకు సుమారు 19,000 కోట్ల డాలర్లు వచ్చాయి కదా?

లెక్కలపిచ్చి:
2024 సెప్టెంబర్‌తో గడువు అయిపోయే డబ్బు అది. దాంతో పర్మనెంట్ టీచర్లను తీసుకున్న డిస్ట్రిక్ట్‌లు ఆ తర్వాత జీతాలకు వెతుక్కున్నాయి. నేను చెప్పిన పేపరులో పెంపు పన్నెండేళ్లు నిలిచింది. అదీ తేడా. అవునూ, మీ బ్యాలట్‌లో ఉన్నది బాండా (కట్టడాల కోసం చేసే అప్పు, పన్నుతో తీర్చేది), లెవీనా (రోజువారీ ఖర్చులకు వేసే పన్ను)?

పన్నుకట్టేవాణ్ణి:
ఇప్పుడే తీసి చూశాను. బాండ్. పైకప్పులు, ఏసీలు, ఒక స్టేడియం.

స్పెషల్‌ఎడ్_టీచర్:
అయితే ఆ డబ్బులోంచి ఒక్క టీచరు జీతం కూడా ఇవ్వలేరు. బాండ్ కట్టడాలకే. పైకప్పు కారుతుంటే యెస్ వేయండి, మార్కుల గొడవ దీనికి కలపకండి. స్టేడియం సంగతి బోర్డు మీటింగ్‌లో నిలదీయండి, నేనూ వచ్చి అడుగుతాను.