“క్రెయో ఇగ్నెమ్”: సమాసమా, వాక్యమా?

ఆర్స్ మాజికా అనే ఆటలో నిప్పు పుట్టించే మంత్రాలకు వాడే లాటిన్ మాటల జత “క్రెయో ఇగ్నెమ్”ను తెలుగులో అగ్నిసృష్టి అనవచ్చునా అని మిత్రులొకరు అడిగారు. అనకూడదనే నా అభిప్రాయం.

జొనాథన్ ట్వీట్, మార్క్ రీన్-హేగన్ 1987లో వెలువరించిన ఆర్స్ మాజికా అనే, పాత్రలు ధరించి మాటలతో, పాచికలతో ఆడే ఆటలో మధ్యయుగపు ఐరోపా మాంత్రికుడు ముందే నేర్చిన మంత్రాలను వేయడమే కాక, అయిదు లాటిన్ క్రియలను పది నామాలతో జతచేసి కొత్త మంత్రాన్ని అప్పటికప్పుడు అల్లుకోగలడు. ఆ క్రియలన్నీ ఉత్తమపురుష ఏకవచనాలు, నామాలన్నీ ద్వితీయావిభక్తిలో ఉన్నవి. క్రెయో అంటే పుట్టిస్తాను, ఇంటెల్లెగో తెలుసుకుంటాను, మూతో మారుస్తాను, పెర్దో చెరుపుతాను, రెగో ఏలుతాను. కనుక ప్రతి జతా ఒక పూర్తి వాక్యం. అగ్నిసృష్టి అనగానే చేసేవాడు కనుమరుగవుతాడు. “పుట్టిస్తాను” చివరి “ను”లో, క్రెయో చివరి ఓకారంలో మాంత్రికుడు నిలిచే ఉంటాడు.

మన విభక్తి ఇక్కడ లాటిన్ చూపలేని తేడాను కూడా చూపుతుంది. “నిప్పు పుట్టిస్తాను” అంటాము, ఎందుకంటే ఆ నిప్పు ఇంకా లేదు. “నిప్పును ఏలుతాను” అన్నప్పుడు మాత్రం ఎదుట మండుతున్న ఫలానా నిప్పు గుర్తుకు వస్తుంది. అందువల్ల క్రెయోతో వచ్చే నామానికి “ను” చేర్చకుండా, తక్కిన నాలుగింటికి చేర్చి వాడుదామని నా ప్రతిపాదన. మంత్రాలకు చింతకాయలు రాలవని సామెత ఉన్నా, ఈ ఆటలో “చెట్టును ఏలుతాను” అన్నవాడికి అవి రాలవచ్చు.

పదక్రమం కూడా మనకు కలిసివచ్చింది. మేము ఆడుతుండగా వాగు దాటవలసిన చోట ఒక అబ్బాయి “నీటిని…” అని ఆగాడు. మారుస్తాడో, చెరుపుతాడో, ఏలుతాడో తెలియక పాచికలు పట్టుకున్న వాళ్లంతా అతని నోటివైపే చూశారు. లాటిన్ జతలో క్రియ ముందే వచ్చేస్తుంది కాబట్టి ఆ నిరీక్షణకు చోటు లేదు.

నామాలలో జంతువు, నీరు, గాలి, మేను, మొక్క, నిప్పు, మనసు, మన్ను, శక్తి తేలికగానే కుదిరాయి. నన్ను ఇబ్బంది పెడుతున్నది ఇమాజినెమ్ ఒక్కటే. దానికి “రూపు” అనుకున్నాను కాని, ఆటలో ఆ మాట కంటికి కనబడేదానితో పాటు చప్పుడు, వాసన, రుచి, స్పర్శలకు కూడా వర్తిస్తుంది. ఆ అయిదింటినీ పట్టగల చిన్న తెలుగు మాట, “ను” చేర్చినా నోరు తిరిగేది, ఎవరికైనా తట్టితే ఇక్కడ రాయవలసిందిగా కోరుతున్నాను.