కమ్యూనిటీ రేడియోకు టవర్ ఖర్చే సగం: తగ్గించుకునే దారి ఉందా?

ప్రశ్న: నల్లరేగడి

నమస్కారం. నంద్యాల ప్రాంతంలో మహిళా రైతులతో పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున రాస్తున్నాను. కమ్యూనిటీ రేడియో కోసం రెండేళ్లుగా డబ్బు కూడబెట్టి ఇప్పుడు కొటేషన్లు తెప్పించుకుంటే, స్టూడియో, మైకులు, ట్రాన్స్‌మిటర్ అన్నింటికీ కలిపి ఎంతవుతుందో, 30 మీటర్ల టవర్‌కూ దాని పునాదికీ అంతే అవుతోంది. మాది నల్లరేగడి నేల కాబట్టి పునాది లోతుగా తీయక తప్పదంటున్నారు. ఊరికి రెండు కిలోమీటర్ల దూరంలో ఒక గుట్ట ఉంది. దాని మీద చిన్న స్తంభం నిలబెడితే సరిపోతుందని కొందరి సలహా. మా మాట చుట్టూ పది పన్నెండు కిలోమీటర్లలోని ఊళ్లకు వినబడితే చాలు. ఎక్కడ తగ్గించుకోవచ్చో, ఎక్కడ తగ్గించుకోకూడదో అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.

జవాబు: విశ్రాంత రేడియో ఇంజనీరు

అమ్మా, ముందుగా ఒక్క విషయం. 30 మీటర్లన్నది నిబంధనలు అనుమతించే గరిష్ఠ ఎత్తే గాని, తప్పనిసరి ఎత్తు కాదు. మనుషులకు రేడియో తరంగాల వల్ల హాని కలగకుండా భూమి నుంచి కనీసం 15 మీటర్లు ఉంటే చాలునని అదే మార్గదర్శకాల్లో ఉంది. ఎత్తు రెట్టింపు చేసినంత మాత్రాన దూరం రెట్టింపు కాదు. చదునైన నేల మీద లెక్కకు 15 మీటర్ల యాంటెన్నా నుంచి సుమారు 16 కిలోమీటర్లు, 30 మీటర్ల నుంచి 22 కిలోమీటర్ల పైచిలుకు చూపుమేర దక్కుతుంది. చెట్లు, ఇళ్లు, ప్రసార శక్తికి ఉన్న 100 వాట్ల పరిమితి కలిసి దాన్ని ఇంకా తగ్గిస్తాయి. అయినా మీరు కోరిన దూరానికి 20 మీటర్లతో మొదలుపెట్టడం సమంజసమని నా అభిప్రాయం.

మీది ఎఫ్‌ఎం కావడం నిజంగా మేలు. మీడియం వేవ్‌లో మాస్టే, అంటే నిలబెట్టే స్తంభమే యాంటెన్నా. విజయవాడ ఆకాశవాణి కేంద్రం వాడే 837 కిలోహెర్ట్జ్‌నే తీసుకుంటే తరంగం పొడవు సుమారు 358 మీటర్లు; అందులో నాలుగో వంతు ఎత్తంటే దాదాపు 90 మీటర్లు. ఆ మాస్ట్ చుట్టూ అంతే పొడవున్న 120 రాగి తీగలను నేలలో పాతడం పాఠ్యపుస్తకాలు చెప్పే పద్ధతి. అంటే 10 కిలోమీటర్లకు మించిన రాగి, ఆరు ఎకరాలకు పైగా నేల. ఉద్యోగంలో ఉండగా ఒకచోట ఆ తీగలను దొంగలు రాత్రికి రాత్రి తవ్వుకుపోతే, తెల్లవారి నాగలి చాళ్లలా కనిపించిన ఆ గీతల వెంట నడిచిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది.

జవాబు: టవర్ పని

గుట్ట గురించి తొందరపడవద్దని నా మనవి. ఇనుము మిగులుతుంది, నిజమే; కానీ కరెంటు లైను, ఇసుకా నీళ్లూ పైకి మోయించే కూలి, స్టూడియో నుంచి అక్కడికి ధ్వనిని చేర్చే మరో లింకు, రాత్రి కాపలా అన్నీ కొత్తగా వచ్చి పడతాయి. పైగా బండ మీద ఎర్తింగ్ సరిగా కుదరదు, పిడుగులేమో అక్కడే ఎక్కువ.

దానికి బదులు ఊళ్లో గట్టి పిల్లర్లున్న రెండంతస్తుల భవనం ఏదైనా ఉంటే, స్ట్రక్చరల్ ఇంజనీరు చేత పరీక్ష చేయించి, దాని మీద పది పన్నెండు మీటర్ల గై మాస్ట్ (చుట్టూ తీగలతో బిగించి నిలిపే స్తంభం) నిలబెట్టండి. నల్లరేగడిలో ప్రత్యేక పునాది బాధే ఉండదు. నేల మీదే నిలపాలంటే, గై మాస్ట్‌కు ఇనుము తక్కువ పడుతుంది గాని తీగలను కట్టడానికి మూడు వైపులా దూరంగా చోటు కావాలి. గాలి లెక్కను మాత్రం మీ ప్రాంతానికే చేయించండి. డిజైన్‌కు తీసుకోవాల్సిన గాలి వేగం హైదరాబాద్‌కు సెకనుకు 44 మీటర్లు, విశాఖపట్నానికి 50 మీటర్లు. తేడా చిన్నదిగా కనిపించినా గాలి ఒత్తిడి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి విశాఖలో అది దాదాపు 30 శాతం ఎక్కువ. కోస్తాకు వేసిన డిజైన్‌నే మీకూ అంటగడితే అనవసరంగా ఇనుము కొన్నట్టే.

జవాబు: పల్లె గొంతు

తగ్గించుకోకూడనివి ట్రాన్స్‌మిటర్ నుంచి యాంటెన్నాకు వెళ్లే కేబుల్, ఎర్తింగ్. మా స్టేషన్‌లో మొదట చవకైన సన్నని కేబుల్ వేశాం. అలాంటిది 45 మీటర్లు వేస్తే ఎఫ్‌ఎం పౌనఃపున్యంలో దాదాపు సగం శక్తి కేబుల్లోనే వేడిగా పోతుందని తర్వాత తెలిసింది; అర అంగుళం మందం ఫీడర్ కేబుల్ అయితే ఐదో వంతే పోతుంది. తొలి వానాకాలంలోనే దూరపు ఊళ్ల వాళ్లు వినబడటం లేదని ఫోన్లు చేశారు. పైకెక్కి కనెక్టర్ విప్పి చూస్తే లోపల పచ్చగా చిలుము పట్టి, నీటి చుక్క వేలికి అంటింది. టేపు సరిగా చుట్టకపోవడమే కారణం. కేబుల్ గదిలోకి వచ్చే చోట కిందికి ఒక వంపు వదిలితే నీరు అక్కడే జారిపోతుంది. ఆ వంపుకు ఖర్చేమీ లేదు.

ప్రశ్నించినవారి స్పందన: నల్లరేగడి

అందరికీ కృతజ్ఞతలు. మా సంఘం భవనం రెండంతస్తులదే. డాబా ఎత్తు దాదాపు ఏడు మీటర్లు. పన్నెండు మీటర్ల మాస్ట్‌తో 19 మీటర్లు వస్తుంది. సోమవారం ఇంజనీరును పిలిపించి పిల్లర్లు చూపిస్తాం. తీగలు కట్టడానికి డాబా అంచులు సరిపోతాయా, నేల మీదికి దించాలా అన్న సందేహం మాత్రం మిగిలింది. డాబా కొలతలు తీసి ఇక్కడే పెడతాను.