దుప్పి అరిచిందంటే పులి వచ్చినట్టేనా?

వైట్‌ఫీల్డ్ వాసి:

సభ్యులందరికీ నమస్కారం. మే నెల చివరి వారంలో పిల్లల సెలవులు చూసుకుని బెంగళూరు నుంచి బందీపూర్ వెళ్లాము. సాయంత్రపు సఫారీలో ఒక మలుపు దగ్గర, పొదల వెనుక నుంచి ఏదో జంతువు గొంతు చించుకున్నట్టుగా బొబ్బ పెట్టింది. జీపులోని వారిలో ఒకరు అది దుప్పి చేసే హెచ్చరిక అనీ, పులి అక్కడే ఉందనీ గట్టిగా చెప్పడంతో డ్రైవరు ఇంజను ఆపాడు. ఇరవై నిమిషాలు ఊపిరి బిగబట్టి కూర్చున్నాము. చివరికి పొదల్లోంచి పెద్ద కొమ్ముల మగదుప్పి ఒకటి నింపాదిగా బయటికి వచ్చి, మా వైపు చూడనైనా చూడకుండా ఆడదుప్పుల వెంట నడిచిపోయింది. పులీ లేదు, పులి అడుగూ లేదు.

మా బావగారు టెక్సాస్‌లో ఉంటారు. లైసెన్సు తీసుకుని ఏటా నవంబరులో వైట్‌టెయిల్ జింకల వేటకు, వేసవిలో యాక్సిస్ అనే మరో జాతి వేటకు వెళ్తుంటారు. ఫోనులో ఈ కథ చెబితే ఆయన నవ్వి, అరుపు ఒక్కటే వింటే ఏమీ తెలియదనీ, జింక ముందుకాలితో నేలను తన్నితే అనుమానపడిందని అర్థమనీ, తోక పైకెత్తి తెల్లటి అడుగు చూపిందంటే వేటగాడు ఇక మూటాముల్లె సర్దుకోవడమే మేలనీ చెప్పారు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించిందని నాకు తెలుసు. నాకు కావలసింది చూడటమే. అమెరికా జింకల గురించి ఆయన చెప్పే లక్షణాలు మన దుప్పులకు ఎంతవరకు వర్తిస్తాయి? మేము విన్న ఆ బొబ్బకూ, నిజమైన హెచ్చరికకూ తేడాను చెవితో పట్టుకోవడం ఎలా?

మైసూరు దారి:

ముందుగా ఒక మాట చెప్పాలి. మీ బావగారు వేసవిలో వేటాడే యాక్సిస్ వేరే జాతి కాదు, మన చుక్కల దుప్పే. దాని శాస్త్రీయ నామమే యాక్సిస్ యాక్సిస్. దాన్ని 1860లలో హవాయి దీవులకూ, 1932లో టెక్సాస్‌కూ తీసుకుపోయి వదిలారు. అక్కడ దానిని బయటి నుంచి వచ్చిన జంతువుగా లెక్కించడం వల్ల వైట్‌టెయిల్‌కు ఉన్నట్టు నిర్ణీత వేటకాలం దానికి లేదు. కాబట్టి ఆయన అనుభవంలో సగం అమెరికా జింకది, సగం మన బందీపూర్ జంతువుదే. ఆ రెండింటినీ కలిపి చెప్పినప్పుడే చిక్కు వస్తుంది.

మీరు విన్నది మదించిన మగదుప్పి పిలుపు. మే, జూన్ నెలల్లో కొమ్ముల మీది వెల్వెట్ పొర ఊడి, కొమ్ములు గట్టిపడిన మగవి గుంపుల మధ్య తిరుగుతూ గరగరమని మొదలై పైస్థాయికి లేచే ఆ బొబ్బను విరామాలతో మళ్లీ మళ్లీ పెడతాయి. అలా అరిచేటప్పుడు మెడ చాచి మూతి ముందుకు పెడతాయి. చుట్టుపక్కల ఆడవి మేత మానవు. హెచ్చరిక అరుపు దీనికి పూర్తిగా భిన్నం. అది పొట్టిగా, సన్నగా, కోసినట్టు ‘క్యావ్’ మని ఒక్కసారిగా తెగిపోయే శబ్దం. ఆడదైనా మగదైనా ఆ అరుపు అరుస్తుంది; ఒకటి అరిస్తే తక్కినవన్నీ తలలెత్తుతాయి.

అయితే మీ బావగారి మాట నిజం. చెవికి దొరికింది సగమే, మిగతా సగం కంటితో చూడాలి. అనుమానం పుట్టిన దుప్పి మొదట అరవదు. నోట్లో గడ్డి నోట్లోనే ఉండగా నమలడం ఆపేస్తుంది. మెడ నిటారుగా లేచి, రెండు చెవులూ ఒకే దిక్కుకు తిరుగుతాయి. మామూలుగా మేసేటప్పుడు ఒక చెవి ముందుకు, ఒకటి వెనక్కు విడివిడిగా కదులుతుంటాయి కాబట్టి, రెండూ ఒకచోట నిలిచిపోవడమే మీరు వెతకవలసిన మొదటి గుర్తు. తర్వాత ముందుకాలిని నెమ్మదిగా ఎత్తి నేల మీద కొడుతుంది, తోక లేపుతుంది, అప్పుడు అరుస్తుంది. ఒక్కొక్కప్పుడు పారిపోవడానికి బదులు కాళ్లు బిగదీసి ఆ దిక్కుకే రెండడుగులు వేస్తుంది కూడా. ఇది మొండితనం కాదు. పొంచి దూకే పులికీ చిరుతకూ అసలు బలం కనబడకుండా ఉండటంలోనే ఉంది. ‘నిన్ను చూశాను’ అని తెలిపితే చాలు, ఆ వేట చాలావరకు చెడిపోయినట్టే. అందుకే దుప్పి తోక వంక చూడకుండా దాని ముక్కు ఏ దిక్కుకు గురిపెట్టి ఉందో చూడండి. రెండు మూడు దుప్పులు వేర్వేరు చోట్ల నిలబడి చూస్తుంటే, వాటి చూపులు కలిసే చోట జంతువు ఉంటుంది. అరుపు వినగానే అరిచిన దుప్పినే ఫోటో తీసుకునే వారిని చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

రేసుకుక్కల (గుంపుగా వేటాడే అడవి కుక్కల) విషయం వేరు. అవి పొంచి ఉండవు, తరుముతాయి. వాటిని చూసిన దుప్పి నేలను తన్నుతూ కూర్చోదు. పరుగు తీస్తుంది, దగ్గరలో నీళ్లు ఉంటే అందులోకి దిగుతుంది.

పలమనేరు మనవడు:

పై వివరణ చాలా బాగుంది. ఒక చిన్న చేర్పు, ఒక చిన్న అభ్యంతరం.

చేర్పు పేర్ల గురించి. తెలుగులో దుప్పి అంటే అందరికీ ఒకే జంతువు కాదు. మా వైపు చుక్కలున్నదే దుప్పి. కానీ చుక్కలు లేని పెద్ద సాంబార్‌ను కూడా దుప్పి అనేవారిని నేను చూశాను. దాని సరైన పేరు కణుజు, కొన్నిచోట్ల కడితి అంటారు. ఈ తేడా తెలియక వింటే అరుపుల విషయంలో మోసపోతారు, ఎందుకంటే కణుజు అరుపు సన్నగా ఉండదు. ఖాళీ డబ్బా మీద బలంగా కొట్టినట్టు ‘డాంక్’ మని లోయంతా మోగుతుంది. అడవిలో తిరిగేవారు దుప్పి అరుపు కంటే కణుజు అరుపునే ఎక్కువగా నమ్ముతారు. దుప్పి నక్కను చూసినా, నడిచి వచ్చిన మనిషిని చూసినా అరిచేస్తుంది. కణుజు అంత తొందరపడదు.

అభ్యంతరం ఏమిటంటే, అనుమానం వచ్చిన జింక ఎప్పుడూ ఇదే వరుసలో నడుచుకుంటుందని అనుకోకూడదు. మా తాతగారు అడవి అంచున ఉన్న వేరుశనగ చేనుకు రాత్రిళ్లు కావలి ఉండేవారు. చేనులోకి దిగిన దుప్పులు మంచె మీద మనిషి వాసన గాలికి తగలగానే ఒక్క చప్పుడూ చేయకుండా వచ్చిన దారినే జారుకునేవని ఆయన చెప్పేవారు. కంటికి కనబడి, ఏమిటో తేలని దానిని చూసి నేలను తన్నుతాయి. ముక్కుకు తెలిసిపోయిన దానితో వాటికి వాదన లేదు. ఆయన మంచె ఎక్కేముందు గాలి వాలు చూసుకునేది ఇందుకే.

వైట్‌ఫీల్డ్ వాసి:

మీ ఇద్దరికీ ధన్యవాదాలు. యాక్సిస్ అంటే మన దుప్పే అని తెలిసి మా ఇంట్లో అందరూ ఆశ్చర్యపోయారు. మరొక సందేహం. బావగారి దగ్గర నోటితో ఊది జింకను పిలిచే చిన్న గొట్టం వంటి సాధనం ఉంది. మగ వైట్‌టెయిల్ చేసే గురగుర శబ్దాన్ని దానితో అనుకరిస్తే మరో మగది పోటీకి వస్తుందట. అలాగే మన దగ్గర ఫోనులో దుప్పి అరుపు వినిపిస్తే గుంపు ఎలా స్పందిస్తుందో చూడవచ్చా?

మైసూరు దారి:

దయచేసి ఆ ప్రయత్నం చేయకండి. అభయారణ్యాల్లో జంతువులను అలా రెచ్చగొట్టడం నేరం కిందికి వస్తుంది. అదీగాక దానివల్ల మీరు నేర్చుకునేదీ ఉండదు. అబద్ధపు హెచ్చరిక విన్న గుంపు మేత వదిలి నిలబడుతుంది. ఆ చూపులు కలిసే చోట మీ ఫోను తప్ప ఏమీ ఉండదు.

వైట్‌టెయిల్ లక్షణాలలో ఇక్కడ వర్తించనిది ఒకటి ఉంది. బెదిరిన వైట్‌టెయిల్ ముక్కుతో గాలిని బలంగా బయటికి కొట్టి ‘ఫుస్’ మంటుంది. దుప్పి గొంతుతో అరుస్తుంది. మేస్తున్నట్టు తల దించి, ఎదుటివాడు కదులుతాడేమోనని చటుక్కున ఎత్తే నటన కూడా వైట్‌టెయిల్ గురించి వేటగాళ్లు తరచుగా చెప్పేదే.

పలమనేరువారి అభ్యంతరం సరైనదే. నేను కనబడిన శత్రువు గురించే రాశాను.

అడయారు నడక:

నేను చెన్నై నుంచి రాస్తున్నాను. మాకు బందీపూర్ అంత దూరం పోయే పని లేదు. గిండీ జాతీయ ఉద్యానానికి ఆనుకుని ఉన్న ఐఐటీ ఆవరణలో దుప్పులూ కృష్ణజింకలూ రోడ్డు పక్కనే కనిపిస్తాయి. అక్కడ పులీ చిరుతా లేవు. అయినా దుప్పులు నేలను తన్నడం, తోక ఎత్తడం, ‘క్యావ్’ మనడం అన్నీ చేస్తాయి, ఎక్కువగా ఊరకుక్కలను చూసి. సైకిలు మీద పక్కనుంచి పోయే విద్యార్థిని పట్టించుకోని దుప్పి, అదే విద్యార్థి సైకిలు దిగి తిన్నగా తన వైపు నడిస్తే మెడ ఎత్తుతుంది. మనిషికీ దానికీ మధ్య అది ఓర్చుకునే దూరం ఒక్కో చోట ఒక్కోలా ఉంటుందని తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి బడి లేదు. మీ బావగారి టెక్సాస్ దుప్పి తుపాకీ మోతకు బెదరడం నేర్చినది కనుక బహుశా అది ఓర్చుకునే దూరం చాలా ఎక్కువ.

కృష్ణజింకను మాత్రం ఈ లెక్కలో కలపవద్దు. చుక్కల దుప్పిలా అది ఏటా కొమ్ములు రాల్చదు, అసలు ఆ కుటుంబమే వేరు. నల్లటి మగది మూతి ఆకాశానికి ఎత్తి, కొమ్ములు వీపుకు ఆనేలా వంచి, చెవులు కిందికి వాల్చి గర్వంగా నడుస్తుంటే చాలామంది అది భయపడిందని అనుకుంటారు. అది తన హద్దులోకి వచ్చిన ఆడజింక ముందు చేసే ప్రదర్శన, లేదా మరో మగజింకకు చేసే హెచ్చరిక. బెదిరిన గుంపు అయితే ఒకదాని వెంట ఒకటి గాలిలోకి ఎగిరెగిరి దూకుతూ పోతుంది.

ఇంకొక మాట. అరుపులు ఆగిపోతే ప్రమాదం పోయిందని అనుకోకండి. పులి పొదలో పడుకుంటే దుప్పికి కనబడదు కాబట్టి అరవడం మానేస్తుంది. కొండముచ్చు చెట్టు మీద నుంచి చూస్తుంది గనుక అది ఇంకా ‘ఖక్, ఖక్’ మంటుంటే అక్కడే ఆగండి. పొద్దున్నే మగ కొండముచ్చు పెట్టే పొడవాటి ‘ఊప్’ కూత మాత్రం హెచ్చరిక కాదు.

వైట్‌ఫీల్డ్ వాసి:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి బావగారికి ఈ చర్చంతా చదివి వినిపించాను. ఆయన పోయిన జూన్‌లో తన ఫోనులో తీసుకున్న ఒక వీడియో పంపారు. ఓక్ చెట్ల మధ్య చుక్కల మగది మెడ చాచి బొబ్బ పెడుతోంది, వెనుక ఆడవి మేస్తున్నాయి. తెర చూడకుండా శబ్దం మాత్రమే విన్న మా అబ్బాయి, ‘నాన్నా, బందీపూర్ వీడియోనా?’ అని అడిగాడు.