పెద్ద సముద్రపు చేపలకి ట్యాంక్ సైజు నిజంగా అంత ముఖ్యమా?

ఆర్కేబీచ్_అబ్బాయి:
మాది వైజాగ్, ఇప్పుడు అట్లాంటాలో ఉంటున్నాం. ఊరి నుంచి ఎవరొచ్చినా జార్జియా అక్వేరియంకి తీసుకెళ్ళడం మా ఇంట్లో తిరుపతి దర్శనం లాంటిదైపోయింది. మొన్న అమ్మానాన్నలు వస్తే మళ్ళీ వెళ్ళాం. నాన్న పోర్టులో చేసి రిటైరయ్యారు, సముద్రం ఆయనకి కొత్త కాదు. పెద్ద ట్యాంక్ ముందు నేల మీదే చతికిలబడి, తిమింగల సొర ఒక చుట్టు తిరిగి మళ్ళీ అద్దం దగ్గరకి ఎంతసేపట్లో వస్తుందో వాచీ పెట్టి లెక్కేశారు. "మూడు నిమిషాలు కూడా పట్టట్లేదురా, దానికిది వీధి చివరిదాకా వెళ్ళి రావడమే" అన్నారు. మా బావేమో వేళకి తిండి, పక్కనే డాక్టర్లు, వేటగాళ్ళ భయం లేదు, సైజుతో పనేంటి మామయ్యా అని వాదన. అది 2 కోట్ల 38 లక్షల లీటర్ల ట్యాంకట, పొడవే 284 అడుగులు. అంతకంటే ఏం కావాలి? జాలీ గీలీ పక్కన పెట్టి, ట్యాంక్ సైజు వల్ల చేప ఆరోగ్యం నిజంగా దెబ్బతింటుందా లేదా, తెలిసినవాళ్ళు చెప్పండి.

ఉప్పునీళ్ళ_సుబ్బడు:
నాది హైదరాబాద్, ఇంట్లో మెరైన్ ట్యాంక్ పెట్టి తొమ్మిదేళ్ళు. కోట్ల లీటర్ల సంగతి నాకు తెలీదు, 250 లీటర్ల సంగతి చెప్తా. నాలుగడుగుల ట్యాంక్‌లో పాంథర్ గ్రూపర్ వేశాను, తెల్లటి ఒంటి మీద నల్ల చుక్కలు, వేలెడంత ఉన్నప్పుడు భలే ముద్దుగా ఉంటుంది. అమ్మినాయన "ట్యాంక్ ఎంతుంటే చేప అంతే పెరుగుతుంది సార్" అన్నాడు, నమ్మాను. అది 70 సెంటీమీటర్ల దాకా పెరిగే జాతి. నా దగ్గర అడుగు దాటేసరికి ట్యాంక్ వెడల్పు అడుగున్నరే కాబట్టి వెనక్కి తిరగాలంటే ఒంటిని విల్లులా వంచేది, తిరిగిన ప్రతిసారీ మూతి అద్దానికి రాసుకునేది. కొన్నాళ్ళకి మూతి మీద రూపాయి బిళ్ళంత తెల్లటి పుండు. మందులేస్తే తగ్గడం, వారానికి మళ్ళీ రావడం.

నీళ్ళ గొడవ ఇంకోటి. పెద్ద నోరున్న చేప తిన్నంతా నీళ్ళలోనే కదా వదిలేది, ఆ వ్యర్థాల నుంచే నైట్రేట్ పుడుతుంది, టెస్ట్ కిట్‌లో అది ఎప్పుడు చూసినా ముదురెరుపే. ఒకసారి రాత్రి కరెంటు పోయి మూడు గంటలు రాలేదు, తెల్లారి చూస్తే పైకొచ్చి నోరు తెరుచుకుని ఆయాసపడుతోంది. అదే పెద్ద ట్యాంక్ అయితే ఆక్సిజన్ అంత త్వరగా పడిపోదు, మనకి కాస్త టైమ్ దొరుకుతుంది. చివరికి ఎనిమిదడుగుల ట్యాంక్ ఉన్న స్నేహితుడికి ఇచ్చేశా. రెండు నెలల్లో మూతి మానిపోయింది, కొత్త మందేం వేయలేదు.

ఆ అమ్మినాయన మాట ఇప్పటికీ చాలామంది చెప్తారు. ట్యాంక్‌ని చూసి చేప పెరగడం ఆపుకోదండీ, మురికి నీళ్ళకి, ఒత్తిడికి గిడసబారిపోతుంది.

ఫిల్టర్‌రూమ్:
గల్ఫ్‌లో ఒక పెద్ద అక్వేరియంలో ఆరేళ్ళు చేశాను, చూడ్డానికొచ్చేవాళ్ళ వైపు కాదు, వెనక పంపుల వైపు. సైజు ముఖ్యమే, కానీ అందరూ లీటర్లే అడుగుతారు. చేప లీటర్లలో ఈదదు. ఏ అడ్డూ లేకుండా ఎంత దూరం తిన్నగా వెళ్ళగలదు, మలుపు ఎంత విశాలంగా ఉంది, అది చూడాలి.

ట్యూనా, పెద్ద తెల్ల సొర లాంటివి ఈదుతూ నోట్లోంచి మొప్పల మీదుగా నీళ్ళు పోనిస్తేనే ఊపిరి. ఆగితే అంతే సంగతులు. అందుకే టోక్యో సీ లైఫ్ పార్క్‌లో ట్యూనాల కోసం 2,200 టన్నుల ట్యాంక్‌ని గారెలా కట్టారు, మూల అనేదే ఉండకూడదని. అయినా 2014 చివర్లో మొదలై 2015 మార్చికల్లా నూట అరవైకి పైగా చేపలు పోయి ఒక్క ట్యూనా మిగిలింది, ఇదీ కారణం అని ఎవరూ గట్టిగా తేల్చలేదు. కాబట్టి ఆకారం కుదిరినంత మాత్రాన సరిపోదు. ఒసాకా అక్వేరియంలో సన్‌ఫిష్‌కి ఏకంగా గోడల వెంట లోపల ప్లాస్టిక్ షీట్లు వేలాడదీశారు, ఆ చేపకి సరిగ్గా మలుపు తిరగడం చేతకాదు, గోడకి గుద్దుకుంటుంది.

శాండ్ టైగర్ షార్కుల్లో వెన్నెముక వంకర పోవడం అక్వేరియంల వాళ్ళకి బాగా తెలిసిన జబ్బు. చిన్న ట్యాంకులు, ఎప్పుడూ ఒకే వైపు తిరగడం, ఆహారంలో విటమిన్ సి లాంటివి తగ్గడం, ఇవన్నీ కలుస్తాయి. మధ్యలో రాళ్ళగుట్ట కట్టి చుట్టూ దారి వదిలితే చూసేవాళ్ళకి అందమే, సొరకి మాత్రం గానుగెద్దు బతుకు. గుట్ట కాస్త పక్కకి జరిపితే ఎనిమిది అంకెలా తిరిగే వీలుంటుంది.

నైట్రేట్ గురించి సుబ్బడు గారు చెప్పింది పెద్ద ట్యాంకులకీ వర్తిస్తుంది. సొరలకి గొంతు కింద గాయిటర్ వాపు వస్తుంది, నీళ్ళలో నైట్రేట్ పేరుకుంటే ఒళ్ళు అయోడిన్ పీల్చుకోలేదు. నీళ్ళు శుభ్రం చేయడానికి ఓజోన్ ఎక్కువ వాడినా అయోడిన్ వాటికి పనికొచ్చే రూపంలో మిగలదు. నీళ్ళు ఎక్కువుంటే పేరుకోవడం నెమ్మదిగా జరుగుతుంది, అంతే, జరక్క మానదు.

సందేహాల_శాస్త్రి:
పెద్ద ట్యాంక్ అంటే ఎక్కువ ఆయుష్షు అని మాత్రం ఎవరూ అనుకోవద్దు. అట్లాంటాలో రాల్ఫ్, నార్టన్ అని రెండు తిమింగల సొరలు 2007లోనే పోయాయి, తర్వాత ట్రిక్సీ 2020లో, ఆలిస్ 2021లో. అదే జపాన్‌లో ఒకినావా చురౌమీ అక్వేరియంలో ట్యాంక్ 75 లక్షల లీటర్లే, అంటే మూడో వంతు, పొడవు 35 మీటర్లు. అక్కడ జింటా అనే మగ తిమింగల సొరని 1995లో తెచ్చారు, పాతికేళ్ళు దాటి బతికింది! అదే ట్యాంక్‌లో ఆడది 2021లో పోయింది. ఇక పెద్ద తెల్ల సొరల సంగతి చూడండి, కాలిఫోర్నియాలోని మాంటెరీ బే అక్వేరియం వాళ్ళు 2004లో ఒక పిల్లని 38 లక్షల లీటర్ల ట్యాంక్‌లో 198 రోజులు ఉంచి సముద్రంలో వదిలేశారు, అది బాగానే తిని బాగానే పెరిగింది. చురౌమీలో 2016లో మూడున్నర మీటర్లది మూడు రోజులకే పోయింది. మరి సైజుదేనా తేడా అంతా?

ఫిల్టర్‌రూమ్:
శాస్త్రిగారూ, మీ లెక్కలోనే జవాబుంది. మాంటెరీది ఐదడుగుల పిల్ల, ఒకినావాది మూడున్నర మీటర్లది. ట్యాంక్‌ని ఇంకో ట్యాంక్‌తో కాదు, అందులో ఉన్న చేపతో పోల్చాలి. పైగా పట్టేటప్పుడు వలలో పడిన దెబ్బ ఎంత, పట్టినప్పుడు ఎంత వయసు, తిండి ఎప్పుడు ముట్టింది, ఇవన్నీ కలిసే ఉంటాయి. రాల్ఫ్, నార్టన్ అయితే ట్యాంక్‌లో పురుగులకి మందు వేసిన తర్వాత తిండి మానేశాయి. దానికి సైజుని తిట్టి లాభం లేదు. జింటా ఒక్కదాన్ని చూపించి అన్నిటికీ సరిపోతుందనడం, మా తాతయ్య చుట్ట కాలుస్తూ తొంభై ఏళ్ళు బతికాడు అన్నట్టుంటుంది.

ఆర్కేబీచ్_అబ్బాయి:
నాన్నకి చదివి వినిపించాను. గారె దగ్గర నవ్వారు. ఒకటి అడగమన్నారు: పొడవు సరే, లోతు మాటేమిటి?

ఫిల్టర్‌రూమ్:
గట్టి ప్రశ్న వేశారు పెద్దాయన. తిమింగల సొర సముద్రంలో వెయ్యి మీటర్ల కిందికి కూడా దిగుతుంది, అట్లాంటాలో అత్యంత లోతైన చోట 33 అడుగులు. పొడవుకి, మలుపుకి ఏదో ఒక ఉపాయం చేస్తాం. లోతుకి మా దగ్గర ఏ ఉపాయమూ లేదండీ.