స్క్వాలిడ్ అంటే ఉత్త మురికేనా?

ప్రశ్న:
ఒక ఇంగ్లిష్ కథ తెలుగు చేస్తున్నానండి. అందులో ఒక అద్దె గదిని స్క్వాలిడ్ అన్నారు. డిక్షనరీ చూసి "మురికి గది" అని రాసేశాను గానీ, రెండు రోజులైనా మనసొప్పడం లేదు. డర్టీ అనో ఫిల్తీ అనో అనకుండా పనిగట్టుకుని ఈ మాటే ఎందుకు వాడినట్టు? అసలిది ఎక్కడి నుంచి వచ్చింది?

జవాబు 1:
మీ అనుమానం సరైనదే. ఆడుకుని వచ్చిన పిల్లాడి చొక్కా నిండా బురద ఉంటే అది డర్టీ, మరీ ఎక్కువైతే ఫిల్తీ, ఉతికితే పోతుంది. దాన్నెవరూ స్క్వాలిడ్ అనరు. ఈ మాట పడాలంటే మురికి వెనకాల ఎవరూ పట్టించుకోని రోజులుండాలి, చాలాసార్లు పేదరికం కూడా. పొయ్యి వెనక గోడ మీద నూనె చిందుతుంది, దాని మీద దుమ్ము, మళ్ళీ నూనె, నెలల తరబడి తుడిచే దిక్కు లేక చివరికి గోరుతో గీకితే పెచ్చులా ఊడొస్తుంది చూడండి, అదీ.

జవాబు 2:
ఆ పెచ్చు మాట పుట్టుకకి కూడా అతుకుతుంది. లాటిన్‌లో స్క్వాలేరే అనే క్రియకి గరుకెక్కి ఉండటం, పైన ఏదో అట్టకట్టి ఉండటం అని అర్థం, మురికిగా ఉండటం అని కూడా. బంగారంతో గరుకెక్కిన అంగీకి సైతం లాటిన్ కావ్యంలో ఇదే క్రియ కనిపిస్తుంది! నాకు ఇంకా నచ్చేది రోమన్ల అలవాటు. ఇంట్లో చావు జరిగినా, కోర్టు కేసులో ఇరుక్కున్నా గడ్డం పెంచి, మాసిన బట్టలతో నలుగురిలో తిరిగేవాళ్ళు. ఆ వాలకాన్నీ ఇదే క్రియ నుంచి పుట్టిన స్క్వాలర్ అనే నామవాచకంతో పిలిచేవాళ్ళు. అంటే అక్కడ మురికి కన్నా మనిషి తనను తాను వదిలేసుకోవడమే ముందు కనిపిస్తుంది. ఇంగ్లిష్‌లోకి స్క్వాలిడ్ 16వ శతాబ్దం చివర్లో వచ్చింది, స్క్వాలర్ 17వ శతాబ్దం మొదట్లో.

జవాబు 3:
ఒక్క గదులకే కాదండీ, నీచమైన వ్యవహారాలకీ స్క్వాలిడ్ వాడతారు. అందుకే నాకు "మకిలి" దగ్గరగా అనిపిస్తుంది, అది గిన్నెకీ పడుతుంది, మనసుకీ పడుతుంది.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండీ అందరికీ. మకిలి బాగుంది గానీ, నా వాక్యంలో గది ఎన్నాళ్ళుగా అలా పడి ఉందో తెలియాలి. "ఏళ్ళ తరబడి చీపురు మొహం చూడని గది" అని మార్చాను.